విరిచి విను

"అది ఉప్పు కాదు బాబూ, పంచదార."

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ మాటకి విలేకరి చెయ్యి ఆగిపోయింది. అప్పటికే నాలుగు ఫ్రెంచ్ ఫ్రైస్ నమిలి మింగేశాడు, మొహం ఏమాత్రం మారకుండా.

"నాకిలాగే ఇష్టమండీ," అన్నాడు తేలు కుట్టిన దొంగలా.

ఆవిడ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

విలేకరి పత్రికలో రుచుల కాలమ్ రాస్తాడు. పేరూ ఫొటో వెయ్యరు, హోటళ్లవాళ్లు గుర్తుపట్టి మర్యాదలు చేస్తారని. చేరి రెండేళ్లయింది. నెల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని వాసననీ రుచినీ వెంట తీసుకుపోయింది. తిరిగి వస్తాయన్నాడు డాక్టరు. ఎప్పుడన్నది చెప్పలేదు.

సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదు.

"తొమ్మిదేళ్లకి నా వంటకి వంక పెట్టడం మానేశారు. ఈ జ్వరమేదో పెళ్లినాడే రావాల్సింది," అని నవ్వించబోయింది ఆమె.

అతనికి నవ్వు రాలేదు. రుచి తెలియనివాడి చేతిలో రుచుల కాలమ్ ఎవరు ఉంచుతారు?

పైగా సంపాదకుడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఇంత పెద్ద నగరంలో అన్నిటికన్నా మంచి ఫ్రెంచ్ ఫ్రైస్ ఎక్కడివో తేల్చి శుక్రవారానికల్లా రాయమన్నాడు. ఇవాళ బుధవారం.

"మీవి ఎలా ఉన్నాయండీ?" మెల్లగా కదిపాడు విలేకరి. ఆవిడ నాలుక అరువు దొరికితే గండం గట్టెక్కవచ్చని ఆశ.

ఆవిడ ఒక ముక్క కొస పట్టుకుని నిలబెట్టింది. అది తల వాల్చేసింది.

"చూశావుగా. నూనె సరిగ్గా కాగకుండానే వేసేశారు. కాగితం ఎలా తడిసిందో చూడు."

"మరి మంచివి ఎక్కడుంటాయంటారు?"

"నాకూ పనేం లేదు. పద, వెతుకుదాం."

రెండో షాపులో ముక్కల అంచులు నల్లబడి ఉన్నాయి.

"దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టుంటారు. చల్లదనానికి దుంప తీపెక్కుతుంది. తీపెక్కిన దుంప ఇట్టే మాడుతుంది."

మూడో షాపులో ఆవిడ ఒక ముక్కని ఎడమ చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. అతనికీ ఒకటి ఇచ్చింది.

"విరిచి విను."

విన్నాడు. "ఏమీ వినబడలేదండీ."

"అదే జవాబు. ఒక్కసారి వేపి చేతులు దులుపుకున్నారు."

వెళ్లిన ప్రతిచోటా ఆవిడ పక్కవాళ్లని పలకరించేది. "ఉప్పు సరిపోయిందా?" అని ముక్కూ మొహం తెలియనివాళ్లని అడిగేది. ఒట్టి మాటలపోగు అనుకున్నాడు విలేకరి. అయినా ఆవిడ నోటివెంట వచ్చిన ప్రతి ముక్కా బల్ల కింద పుస్తకం పెట్టుకుని రాసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నానికి పదకొండో షాపుకి చేరారు. బస్ డిపో వెనక, నాలుగు బల్లల గది. వంటమనిషి ముక్కల్ని సన్నని సెగ మీద ఒకసారి వేపి, తీసి, పళ్లెంలో పరిచి చల్లారబెట్టింది. తర్వాత బాగా కాగిన నూనెలో మళ్లీ వేసింది.

ఈసారి ముక్క టక్కుమని విరిగింది. లోపలినుంచి ఆవిరి లేచింది.

"పది నిమిషాలాగు," అంది పెద్దావిడ.

పది నిమిషాల తర్వాత కూడా టక్కుమంది.

"ఇప్పుడు తినేవాళ్ల చేతులు చూడు."

పక్క బల్ల దగ్గర భార్యాభర్తలు పోట్లాడుకుంటున్నారు. ఎవరి మొహం ఎవరూ చూడటం లేదు గానీ, చేతులు మాత్రం ఒకే పొట్లంలో ఉన్నాయి.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?"

"సరిపోయిందండీ," అన్నారిద్దరూ ఒకేసారి. ఆ పూట వాళ్లు ఏకమైన మాట అదొక్కటే.

"ఇదే," అని తేల్చేసింది పెద్దావిడ.

విలేకరి పుస్తకం సంచిలో పడేసుకుని, "వస్తానండీ, బస్సుంది," అంటూ పరుగెత్తాడు. పేరైనా అడగలేదు. ఆవిణ్ణి భలే వాడుకున్నానని దారంతా మురిసిపోయాడు.

ఆదివారం కాలమ్ వచ్చింది. సోమవారం డిపో వెనక వీధి చివరిదాకా జనం నిలబడ్డారు.

అదే రోజు సంపాదకుడు పిలిచాడు.

"రెండేళ్లలో నువ్వు రాసినవాటిలో ఇదే మేలైంది. కానీ చెవితో తినడం నీకెవరు నేర్పారు?"

దాచి దాచి అలిసిపోయి ఉన్నాడేమో, విలేకరి జ్వరం సంగతి, నాలుక సంగతి, పెద్దావిడ సంగతి, అన్నీ చెప్పేశాడు. చెప్పేశాక ఉద్యోగం పోయినా పరవాలేదనిపించింది.

"విరిచేటప్పుడు ఎడమ చెవి దగ్గర పెట్టుకుంటుందా?" అడిగాడు సంపాదకుడు.

"అవును సార్. మీకు తెలుసా?"

"నీకంటే ముందు ఇరవై ఏళ్లు ఈ కాలమ్ రాసింది ఆవిడే."

విలేకరికి సిగ్గేసింది. "ఆవిడ ఇల్లెక్కడ సార్? ఇప్పుడే వెళ్లి కలుస్తాను."

"నిన్ననే ఊరు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఇక రానంది."

విలేకరి తల దించుకున్నాడు.

"కూర్చో. కాలమ్ నీదే. వచ్చే వారం సూపుల గురించి రాయి."

నెల రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయినట్టయింది. కుర్చీలో కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మళ్లీ అనుమానం వచ్చింది.

"ఆవిడకైతే అంత గొప్ప నాలుక ఉంది సార్. అది లేకుండా నేనెలా రాయను?"

సంపాదకుడు లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"కాలమ్ రాసిన చివరి తొమ్మిదేళ్లూ ఆవిడకి ఏ రుచీ తెలియదయ్యా."