కూచున్న కాలం

"డోన్ తొంభై నాలుగు కచేరీ ముందర ఇంకేదీ నిలవదు," అన్నాడు రంగనాథ్.

"ప్రొద్దుటూరు తొంభై ఏడు ఉండంగ ఆ మాట అనొద్దప్పా," అన్నాడు అయ్యన్న.

కడపలో రంగనాథ్ బండల అంగడికి ఆదివారం సెలవు. ఆ పూట ముగ్గురు అక్కడ చేరతారు. రంగనాథ్, అతని పాత స్నేహితుడు అయ్యన్న, కాలేజీలో పాఠాలు చెప్పే సుప్రజ. పేర్చిన నాపబండల మీద కూచుని ముగ్గురాయి బృందం పాటలు వింటారు.

మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనుల్లో కూలీలు కట్టుకున్న బృందం అది. లేవి పాడేవాడు, హెన్రీ హార్మోనియం వాయించేవాడు. ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడేవాళ్లు కాదు. అయిదు నిమిషాల పాట ఊపొస్తే అరగంట సాగేది.

లేవి పోయి ఇరవయ్యేళ్లు దాటింది. ఊరూరా జనం టేపుల్లో పట్టుకున్న కచేరీలు నూటికి పైగా రంగనాథ్ దగ్గర ఉన్నాయి.

"డోన్‌లో ఎద్దుల పాట ముప్పై ఎనిమిది నిమిషాలు! వేదికంతా తిరుగుతా పాడినాడు లేవి," అన్నాడు రంగనాథ్.

"నిమిషాలు లెక్కబెడితే పాటైతాదా సార్?" సుప్రజ నవ్వింది. "ప్రొద్దుటూరులో పాటను యాడికో తీస్కపోయి, మళ్లీ పల్లవి కాడికి తెచ్చినాడు చూడండి. అదీ పాటంటే."

ఎంత వాదించుకున్నా ఒక్క సంగతిలో ముగ్గురిదీ ఒకే మాట. లేవి నిలబడి పాడినంత కాలమే పాట. ఆఖరి రెండేళ్లు కుర్చీలో కూచుని, నిదానంగా సాగదీస్తూ పాడాడు. దానికి వాళ్లు 'కూచున్న కాలం' అని పేరుపెట్టి నవ్వుకునేవాళ్లు.

గేటు దగ్గర అలికిడయింది. అరవై అయిదేళ్లు దాటిన ఒకామె, చేతిలో గుడ్డ సంచి.

"ఈ పొద్దు అంగడి లేదు పెద్దమ్మా."

"బండలకు రాలేదు నాయనా. లేవి పాటలన్నీ నీ కాడ ఉండాయని ఎవురో చెప్పినారు."

రంగనాథ్ మొహం విప్పారింది. "రా పెద్దమ్మా, కూచో. యాడ్నుంచి వచ్చినావు?"

"ఊరు మంగంపేట. ఇప్పుడు ఆడా ఈడా ఉంటాండా. నా పేరు విశ్వాసమ్మ."

"ఏది పెట్టమంటావు? డోన్‌దా, ప్రొద్దుటూరుదా?"

"మా చర్చి వాకిట్లో పాడినాడు చూడు, రెండువేల ఒకటి క్రిస్మస్‌కు. అది పెట్టు నాయనా."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది కూచున్న కాలం పెద్దమ్మా," అన్నాడు రంగనాథ్. "అప్పటికే ఆయనకు ఓపిక అయిపోయినాది. పాట ఈడ్చుకుంటా పోతాది."

"అవును. అందరూ అదే అంటారు."

"ఆ పొద్దు నువ్వు ఆడ లేవా?"

"ఉన్నా నాయనా."

"మరి విన్నావు కదా!"

"చెవిన పడినాది గానీ వినలేదు. పని ఉండె."

"పండగపూట ఆడోళ్లకు వంటపని తప్పుతాదా," అన్నాడు అయ్యన్న.

ఆమె చిన్నగా నవ్వింది. అవుననలేదు, కాదనలేదు.

రంగనాథ్ ఇబ్బందిగా కదిలాడు. ఆ కచేరీ ఒకే ఒక్క క్యాసెట్లో ఉండేది. పదిహేనేళ్ల కిందట అయ్యన్న కోసం డోన్ కచేరీ కాపీ తీస్తుంటే ఖాళీ క్యాసెట్ దొరకలేదు. కూచున్న కాలమే కదా అని దానిమీదే ఎక్కించేశాడు.

"అది ఇప్పుడు లేదు పెద్దమ్మా. దాని మీద వేరే పాటలు ఎక్కించినా."

ఆమె ఒళ్లోని సంచి సర్దుకుంది.

"పోనీలే నాయనా. నీకు మాత్రం ఏం తెలుసు. ఉంటే ఒక్కసారి విందామని వచ్చినా, అంతే."

సుప్రజ డోన్ పాట పెట్టింది. ఆమె కళ్లు మూసుకుని పది నిమిషాలు వింది.

"శానా బాగుండాది. అప్పుడు భలే ఉషారుగా ఉండె మనిషి," అంది.

నీళ్లు తాగి, బస్సుకు టైమయిందని లేచింది. రంగనాథ్ గేటు దాకా వెళ్లాడు. ఇంకేమైనా అడగాలని అతనికి తోచలేదు. ఎండలో ఆమె మలుపు తిరిగేదాకా చూసి, తిరిగొచ్చి ప్రొద్దుటూరు పాట పెట్టాడు. కానీ ఆ రోజు ఎందుకో వాదన సాగలేదు.

మర్నాడు పొద్దున డోన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న హెన్రీకి ఫోన్ చేశాడు.

"హెన్రీ అన్నా, రెండువేల ఒకటి మంగంపేట కచేరీ ఇంకెవరి కాడైనా ఉండాదా?"

"యాడుందప్పా? ఆ ఒక్కటే, అది నీకే ఇచ్చినాము. అయినా కూచున్న కాలం నీకెందుకు?"

"నాకు కాదన్నా. ఎవరో పెద్దమ్మ వచ్చి అడిగినాది. విశ్వాసమ్మంట."



"బతికే ఉండాదా!" హెన్రీ గొంతు మారింది. "లేవిని పూడ్చిన వారానికే ఊరిడిసిపెట్టి పోయినాది. ఎంత వెతికినామో. యాడ ఉంటాందో అడిగినావా? ఫోన్ నంబరు తీసుకున్నావా?"

"లేదన్నా," అన్నాడు రంగనాథ్. "ఎవరన్నా ఆమె? ఆ పొద్దు పని ఉండి పాట వినలేదని చెప్పినాది."

"లేవి భార్యప్పా ఆమె. పనే అది," అన్నాడు హెన్రీ. "గనిలో తూటాలు పేల్చి పేల్చి లేవికి రెండు చెవులూ పోయినాయి, బయట చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ రెండేండ్లూ కుర్చీ వెనక పరదా చాటున కూచుని, ఆయన వీపు మీద చేత్తో తాళం తడతా, ప్రతి పాటా ఆయన చేత పాడించింది ఆ తల్లే."