దగ్గర్లో ఉన్న గొంతు

పిల్లాడు గోడవారనున్న నల్ల పెట్టెకు చెంప ఆనించి, "కుందేలు కథ" అన్నాడు.

బొమ్మల పుస్తకం పట్టుకుని వస్తున్న తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పెట్టెలోంచి అప్పటికే ఆ గొంతు మొదలైంది. మెత్తగా, నవ్వు దాచుకున్నట్టు. వాడు తల్లివైపు చూడను కూడా చూడలేదు.

నాలుగేళ్లొచ్చాయి వాడికి. కథ చెప్పమని ఆమెను ఒక్కరోజూ అడగలేదు. అన్నీ పెట్టెలో ఆవిడే చెప్పాలి. "కథలత్త" అని పేరు కూడా పెట్టుకున్నాడు.

తల్లి పుస్తకం మంచమ్మీద పడేసి వంటింట్లోకి వెళ్లింది. ఆమెకు కోపం వస్తే గిన్నెలు మాట్లాడతాయి. ఆరోజు చాలాసేపు మాట్లాడాయి.

ఆ కథల్ని ఇంట్లోకి తెచ్చింది మొగుడే. ఆయన పని కొత్తరకం నెట్‌వర్కు మీద. దాన్ని పరీక్షించడానికి తాముండే అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ ఓ పెట్టె పెట్టించాడు. పరీక్షకు ఏదో ఒకటి కావాలి కదా అని, తన దగ్గర దాచుకున్న ఆ కథల్ని అందులోకి ఎక్కించాడు.

లోకంలో ఇంకేమీ దొరకనట్టు.

ఆ గొంతంటే ఆయనకు ప్రాణం. ఇవాళ్టిది కాదు. పెళ్లికి ముందు ఫోను చెవికి అంటించుకుని గంటలకొద్దీ ఆ గొంతు వినేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియంది కాదు. ఇప్పుడు కూడా బట్టలు ఇస్త్రీ చేస్తూ ఆ కథలే వింటాడు. పిల్లల కథకు అంత మైమరచిపోవడమేమిటి? ఓరోజు వింటూ వింటూ మంచి చొక్కా కాస్తా కాల్చుకున్నాడు.

ఆదివారం పై ఇంటి పెద్దావిడ వచ్చింది. ఆవిడకు జవాబులతో పని లేదు, వినేవాళ్లుంటే చాలు.

"మా మనవరాలు ముద్ద మింగాలంటే ఈవిడ కథ పెట్టాల్సిందే. ఏం గొంతమ్మా, తేనె పోసినట్టు. ఎవరు బాబూ ఈవిడ?"

ఆయన భార్యవైపు ఓసారి చూశాడు. ఆమె మెడకు చుట్టుకున్న స్కార్ఫు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది.

"తెలిసినావిడేలెండి," అని ఆయన గబుక్కున నెట్‌వర్కు సంగతి ఎత్తుకున్నాడు. "మామూలు ఇంటర్నెట్‌లో ఏది కావాలన్నా అదెక్కడుందో అక్కడికే వెళ్లి అడగాలి. ఇందులో చోటుతో పని లేదు. కావలసినదాని పేరు చెబితే చాలు. దగ్గర్లో ఏ పెట్టెలో ఉంటే ఆ పెట్టె ఇస్తుంది. తీసుకున్న పెట్టెలోనూ దాని కాపీ ఒకటి మిగిలిపోతుంది."

తెలిసినావిడట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఆయన ఆఫీసులో ఉండగా మెసేజ్ పెట్టింది. "ఆ కథలు తీసెయ్."

"ఎందుకు? వాడికి ఇష్టం కదా."

"వాడికా, నీకా?"

ఫోను బల్లమీద బోర్లించి లేచింది.

ఆమె ఇంట్లో ఉన్న ఆయన కంప్యూటరు తెరిచింది. కథలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. నల్ల పెట్టెను కూడా ఖాళీ చేసింది. పీడ విరగడైంది అనుకుంది.

అన్నం తినగానే పిల్లాడు పెట్టె దగ్గరికి వెళ్లి, "ఏనుగు కథ" అన్నాడు.

ఆ గొంతు వచ్చింది. ఒక్క అక్షరం పోకుండా.

సాయంత్రం ఆయన వచ్చీ రాగానే కంప్యూటరు చూసి సంగతి కనిపెట్టాడు. కోప్పడలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు మనింట్లో తీసేశావు. పై ఇంట్లో ఉంది. ఎదురు బ్లాకులో ఉంది. పిల్లలు అడుగుతున్నన్నాళ్లు ఏదో ఒక పెట్టెలో ఉంటూనే ఉంటుంది. ఇక నేను తీసేద్దామన్నా నా చేతిలో లేదు."

ఆమె మొహం తిప్పుకుంది.

"ఆ గొంతు మీద నీకెందుకింత ఉక్రోషం?" అన్నాడు నెమ్మదిగా. "పోనీ, వాడికి చెప్పేయనా?"

ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది.

అంతలో పిల్లాడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. పెట్టె దగ్గర కూర్చోబెట్టి, ఒళ్లో తల పెట్టుకున్నాడు.

"నువ్వూ విను అమ్మా. కథలత్త ఎంత బాగా చెప్తుందో." తల పైకెత్తి అడిగాడు. "కథలత్త మనింటికి ఎప్పుడొస్తుంది?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె వాడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమురుతూ ఉండిపోయింది.

వాడింకా ఉయ్యాల్లో ఉండగా, డాక్టర్లు తన స్వరపేటిక తీసేయడానికి ముందు వారమంతా తలుపేసుకుని కూర్చుని, వాడి కోసం ఆ కథలన్నీ చదివి రికార్డు చేసి పెట్టింది ఆమే.