మ్యాట్నీ సాక్షి

"ఖూనీ ఏసన్న ఇల్లా? చర్చి ఎనక సందులో పోండి సార్, కడాకు ఉంటాది," అన్నాడు సోడాబండి అతను. ఆ పేరు పలకడంలో అతనికి తప్పేమీ తోచలేదు. ఎమ్మిగనూరులో పదేళ్లుగా ఆ మనిషి పేరే అది.

శ్రీపాదరావు చంకసంచి సర్దుకుని నడిచాడు. ఆయన ఆదోనిలో బడి పంతులు. ఒక వారపత్రికకు సినిమా సమీక్షలు రాస్తాడు. దయ్యాల సినిమా వస్తే రెండుసార్లు చూస్తాడు. అంతకంటే పిచ్చి, హంతకుడు దొరకని హత్యలంటే. పాత పేపర్లలో అలాంటి వార్త కనిపిస్తే కత్తిరించి, సినిమా సంగతులు రాసుకునే నోటుబుక్కులోనే అంటించుకుంటాడు. భార్య ఇందిరాబాయి ఆ పుస్తకాన్ని దేవుడి గది వైపు రానివ్వదు. ఇప్పుడు ఆ హత్యల మీదే వరసగా వ్యాసాలు రాస్తున్నాడు. ఈసారి వంతు వేరుశనగ మిల్లు మేస్త్రీ శేషప్పది.

1974లో ఒక ఆదివారం, సెలవుతో మూసి ఉన్న మిల్లులో ఎవరో శేషప్ప తల పగలగొట్టారు. మధ్యాహ్నం మూడు గంటలకు కేక విన్నామని వీధిలో నలుగురు చెప్పారు. అంతకు మూడు రోజుల ముందు అతనితో కలబడినవాడు అదే మిల్లు కూలి ఏసన్న. "మధ్యాహ్నమంతా నేనూ నా పెండ్లామూ ఇంట్లోనే ఉన్నాము," అన్నాడు ఏసన్న పోలీసులతో. అదే మిల్లులో పనికి పోయే అతని భార్య సిద్దమ్మ కూడా అదే చెప్పింది. రుజువు దొరకక పోలీసులు వదిలేశారు. ఊరు వదల్లేదు.

ఏసన్న వాకిట్లో నులక మంచం బిగిస్తున్నాడు. వచ్చిన పని విని కూడా కోప్పడలేదు.

"శేషప్పతో గొడవ ఎందుకొచ్చింది?" అడిగాడు శ్రీపాదరావు.

"పనికొచ్చే ఆడోళ్ల జోలికి పోతాండె. వద్దని సెప్పినా, ఇనలేదు."

సిద్దమ్మ టీ తెచ్చింది. ఏసన్న గ్లాసు అందుకుని పంతులుకిచ్చాడు. ఆ కుడిచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. శ్రీపాదరావు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"ఏసన్నా, నువ్వు ఆదోనికొచ్చి దయ్యం సినిమా చూసినావు కదా?"

"మేము సినిమాలు సూడకూడదు సార్. పాస్టరు ఒప్పుకోడు."

శ్రీపాదరావు సంచిలోంచి పాత నోటుబుక్కు తీసి, ఒక పేజీ దగ్గర ఆపి, చదివాడు: "దయ్యం తలుపు తీయగానే పక్క కుర్చీ మనిషి 'యేసయ్యా' అంటూ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతికి మూడు వేళ్లే. ఆట అయ్యేదాకా వదల్లేదు. సినిమా గెలిచినట్టే."

పక్కనే అంటించిన, తేదీ ముద్ర ఉన్న టికెట్టు చూపించాడు. "ఆదివారం, మ్యాట్నీ. శేషప్ప చనిపోయిన దినమే. మూడు గంటలకు నువ్వు ఆదోనిలో నా పక్కన కూర్చోనుండావు."

సిద్దమ్మ కాసేపు గడపలో నిలబడి, బిందె తీసుకుని వీధి కొళాయికి వెళ్లింది.

శ్రీపాదరావుకు ఆనందం ఆగలేదు. ఇన్నేళ్లలో ఒక్క హత్యలోనైనా కొత్త సంగతి కనిపెట్టడం ఇదే మొదలు. "సినిమాకు పోయినట్టు తెలిస్తే చర్చిలో మాటొస్తుందని దాచినావు. అంత చిన్న సిగ్గు కోసం పదేళ్లు ఖూనీకోరు అనిపించుకుంటావా? వచ్చే వారం రాస్తాను, చూడు."

"రాయొద్దు సార్."

"నిజమే కదా రాసేది?"

"నిజమే."

"చర్చిలో నీ పక్కన ఎవరూ కూర్చోరంట. పండక్కి కూడా నీ గడప తొక్కరంట. నాకు చెప్పినారు."

"అలవాటైపోయింది. నన్ను అట్లే అనుకోనీండి సార్." ఏసన్న గొంతులో బతిమాలడం వినిపించింది. "మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ కాగితం సించేయండి."

తప్పు చేయనివాడు ఇలా వేడుకోవడం శ్రీపాదరావు ఏ సినిమాలోనూ చూడలేదు.

"కారణం చెప్పు ఏసన్నా. లేకుంటే రాస్తాను."

ఏసన్న కొళాయి వైపు చూశాడు. సిద్దమ్మ బిందె ఇంకా నిండలేదు. అతను గొంతు తగ్గించాడు.

"సినిమాకు నేనొక్కన్నే పోయింటి సార్."