ఒక్క తువ్వాలు సరిపోయేది

చీకటి పడేసరికి నీళ్ళు గడ్డకట్టే చలి దిగుతుందని రేడియోలో పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

వెల్డా కారు దిగి, డిక్కీలోంచి తువ్వాళ్ళ మూట తీసింది. ఆమె చెల్లెలు డోర్తా స్టీరింగ్ వదల్లేదు. హీటరూ ఆపలేదు.

"ఎంతసేపే అక్కా?"

"నువ్వు కూడా ఓ చెయ్యి వేస్తే తొందరగా అయిపోతుంది."

డోర్తా గొణుక్కుంటూ దిగింది.

గడ్డికి నీళ్ళు పంపే గొట్టం నేలలోంచి మోకాలెత్తు పైకి లేచి, వంపు తిరిగి మళ్ళీ నేలలోకి దిగుతుంది. ఆ వంపులో ఉంది ఇత్తడి వాల్వు. నేలలోకి పోయిన నీళ్ళు వెనక్కొచ్చి తాగే నీళ్ళలో కలవకుండా ఆపేది అదే. వెల్డా భర్త రాయిస్ ఏటా చలి ముందు దాన్ని కప్పేవాడు.

రాయిస్ మే నెలలో పోయాడు.

వెల్డా రోడ్డు పక్కనున్న నీళ్ళ మీటరు మూత ఎత్తి, ఎదురింటి నాడీన్ దగ్గర అడిగి తెచ్చిన పొడుగాటి ఇనుప కడ్డీతో నీళ్ళు కట్టేసింది. తర్వాత వాల్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో చిన్న మరలు తిప్పింది. లోపల మిగిలిన నీళ్ళు సన్నగా కారి ఆగిపోయాయి. వాల్వుకి ఉన్న రెండు పిడులనీ సగానికి తిప్పి వదిలేసింది.

"పూర్తిగా కట్టెయ్యవేం?" అంది డోర్తా.

"పూర్తిగా కడితే పిడి లోపల గుక్కెడు నీళ్ళు ఇరుక్కుంటాయి. అవి గడ్డకడితే ఇత్తడి చీలిపోతుంది. మీ బావ మొదటి ఏడాది అదే పని చేశాడు."

"బావ అంతేగా. ఏదైనా ఒకసారి పాడు చేస్తేగానీ నేర్చుకోడు."

వెల్డా నవ్వలేదు. మొదటి తువ్వాలు చుట్టింది. రెండోది విప్పింది. వేళ్ళకి స్పర్శ తెలియడం లేదు. అది చలి వల్లో, మే నెల నుంచీ ఉన్నదో ఆమె ఆలోచించలేదు.

"అక్కా, ఇవి నా తువ్వాళ్ళు."

"అవును. నీ అల్మరాలోవే."

"మా అత్తగారు పెట్టినవే అవి."

"నీకావిడంటే పడదుగా."

డోర్తాకి నవ్వొచ్చింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ, "నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలి" అంది.

"నాడీన్ వాళ్ళింటికి వెళ్ళిరా."

"నన్ను చూస్తే ఆవిడ మళ్ళీ ఏడుపు మొదలెడుతుంది. ఆపుకుంటాలే."

మూడో తువ్వాలు కూడా అయింది. వెల్డా నాలుగోది అందుకుంది.

"ఈ స్థలం కొంటానన్నాయన నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఏం చెప్పమంటావ్?" అడిగింది డోర్తా.

"మార్చిలో మళ్ళీ నీళ్ళు వదులుతాను. ఇది బాగుంటే ఇక్కడే ఉంటాను. పగిలితే సంతకం పెట్టేస్తాను."

"నీ బతుకుని ఇత్తడి ముక్క చేతిలో పెట్టావా? ఆ మాత్రానికి బొమ్మా బొరుసూ వేసుకోరాదూ."

"ఉండిపోదామనుకున్నా నాకేం అనిపించడం లేదు డోర్తా. వెళ్ళిపోదామనుకున్నా ఏం అనిపించడం లేదు. అదేదో ఇదే చెబుతుంది."

డోర్తా తువ్వాళ్ళ మూటలోకి తొంగి చూసింది.

"అయినా బావ ఒక్క పాత తువ్వాలు చుట్టి ఊరుకునేవాడు. ఇన్నేళ్ళూ దానికేం కాలేదు. నువ్వేంటి, పరుపు కుడుతున్నట్టు ఇన్ని చుడుతున్నావు?"

"అప్పుడు ఉత్తరం గాలి దీని దాకా వచ్చేది కాదు."

డోర్తా ఉత్తరం వైపు చూసింది.

తర్వాత వచ్చి అక్క పక్కనే నేల మీద కూర్చుంది. మెడలోంచి ఉన్ని మఫ్లర్ తీసింది.

"ఇది పగిలితేనే నాకు మంచిది. నా దగ్గరే పడి ఉంటావు" అంది. అంటూనే మఫ్లర్‌ని తువ్వాళ్ళ మీద గట్టిగా చుట్టసాగింది.

"వాల్వు కింది గాలి రంధ్రాలు మూసెయ్యకు."

"నాకు తెలుసులే. ఇందాకే చెప్పావు."

"చెప్పలేదు."

"అయితే బావ చెప్పుంటాడు."

ఇద్దరూ కలిసి పైన టార్పాలిన్ సంచి తొడిగి, తాడు బిగించారు. వెల్డా ముడిని రెండుసార్లు లాగి చూసి లేచింది. గాలి ఇద్దరినీ ముందుకి తోసింది. డోర్తా అక్క చెయ్యి పట్టుకుంది. వెల్డా ఆ చెయ్యి విడిపించుకోలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ గాలికి అడ్డం నిలబడిన వెల్డా ఇంటిని, లోపల నిద్రపోతున్న రాయిస్‌తో సహా, మే నెలలో టోర్నడో సుడిగాలి ఎత్తుకుపోయింది.