కండక్టరు పెట్టిన లైను

ఎదురింటి పిన్ని చెప్పిందట, కండక్టరు బావమరిది మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి పక్క వీధి షాపు ముందు కాపు కాశాడని.

ఇంకో మాట కూడా అందట. బ్లాకులో అమ్ముకునేవాళ్ళు పెద్ద పెద్ద సంచీలేసుకుని దిగారట. షాపు తెరవగానే ముందుకు దూరి, ఉన్నవన్నీ ఊడ్చుకుపోతారట.

"పిన్ని గోరంతలు కొండంతలు చేస్తుందిలే," అంది కండక్టరు భార్య. "మా తమ్ముడి సంగతి మాత్రం నిజం. ఇందాకే ఫోను చేశాడు. 'బావని హాయిగా పడుకోమనక్కా, మేనమామని నేనున్నానుగా' అన్నాడు."

కండక్టరు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే గుమ్మం దిగాడు.

చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త గేమ్ మిషను ఆ రోజే అమ్మకానికి వస్తోంది. కూతురి పుట్టినరోజూ ఆ రోజే.

పోయిన పుట్టినరోజుకి సైకిలు మేనమామే తెచ్చాడు. అంతకుముందు వాచీ మేనమామే తెచ్చాడు. రెండుసార్లూ తండ్రి 'వచ్చే నెల' అన్నవాటినే.

"మామయ్య మాటంటే మాటే," అంది పిల్ల అప్పుడు, తండ్రి ఎదురుగానే. ఆ మాట కండక్టరు మనసులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

"అది బడి నుంచి వచ్చేసరికి మిషను నా చేతుల మీదుగా దాని చేతిలో పడాలి," అన్నాడు వీధిలోంచే.

"దొరక్కపోతే?"

"దొరక్కపోవడమన్న మాటే లేదు."

తమ వీధి షాపు షట్టరు సగం దించి ఉంది. అద్దాల నిండా మిషను బొమ్మలు అంటించారు. లోపల ఏం జరుగుతోందో కనపడదు. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. బయట తలాతోకా లేని గుంపు.

గుంపును చూస్తే కండక్టరు నోరు ఊరుకోదు.

"ఒకరి వెనక ఒకరు! ముందొచ్చినవాళ్ళు ముందు! బాబూ, ఆ మోచెయ్యి ఇంట్లో పెట్టి రావాల్సింది!"

చూస్తుండగానే గుంపు లైనయింది. న్యాయంగా తన చోటు ఐదోది. ఐదో చోటులోనే నిలబడ్డాడు. అందుకే అందరూ ఆయన మాట విన్నారు.

"మీరుండబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి చొక్కాలు చిరిగేవి," అన్నాడు వెనకాయన.

బావమరిది ఫోను చేశాడు.

"బావా, ఎందాకా వచ్చింది మీ బండి?"

"స్టాండులోనే ఉంది. మీదో?"

"మాదీ కదల్లేదు. కానీ నేను సీటు పట్టేశా."

"కూర్చో నాయనా. ఎవరు ముందు దిగుతారో చూద్దాం."

అప్పుడొచ్చాడు ఆ మనిషి. నడివయసు. నలిగిన చొక్కా. వీపుకి తగిలించుకోవాల్సిన పెద్ద సంచీని పొట్టకి తగిలించుకుని, రెండు చేతులా పట్టుకున్నాడు. లైను పక్కనుంచి తిన్నగా షట్టరు వైపు నడిచాడు.

"హలో మాస్టారూ! ఎక్కడికి?" అడ్డంగా చెయ్యి చాపాడు కండక్టరు.

"లోపలికండీ. ఓనరుగారితో పని."

"మాకందరికీ ఆయనతోనే పని. వెనక్కి నడవండి."

"నేను కొనడానికి రాలేదండీ."

"మేము మాత్రం! గాలి పీల్చుకోడానికొచ్చాం!"

లైనంతా గొల్లుమంది.

"ఫోను చేస్తే ఆయన ఎత్తట్లేదు..."

"ఎవరికెత్తాడు గనక? మీకేమన్నా ప్రత్యేకమా?"

"ఆ సంచీ చూడండి," అన్నాడు వెనకాయన. "షాపుకి షాపే పట్టేలా ఉంది!"

కండక్టరుకి పిన్ని మాట గుర్తుకొచ్చింది.

"ఏముంది సంచీలో? తెరవండి."

"మీకు చూపించేది కాదండీ."

"విన్నారా! నా సర్వీసులో టికెట్టు లేకుండా ఒక్కడు ఎక్కలేదు. ఇక్కడా ఎక్కడు. లైన్లో రండి!"

"లైన్లో రా! లైన్లో రా!" అందుకున్నారు అందరూ.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. చివరికెళ్ళి నిలబడ్డాడు. అక్కడ నీడ లేదు. అయినా సంచీ దింపలేదు. కాసేపాగి ఒక అడుగు ముందుకేశాడు. కండక్టరు ఉన్నచోటు నుంచే వేలెత్తి చూపించాడు. ఆ అడుగు వెనక్కి పడింది.

ఎండ నెత్తికెక్కింది. ఆ మనిషి వాచీ చూసుకున్నాడు. షట్టరు వైపు చూశాడు. మళ్ళీ వాచీ చూసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"పీడ విరగడైంది," అన్నాడు వెనకాయన.

"లైనంటే లైనే," అన్నాడు కండక్టరు, చెమట తుడుచుకుంటూ.

మళ్ళీ బావమరిది.

"బావా! మా షట్టరు లేచింది!"

"నీ ముందు ఎంతమంది?"

"ఇంకా బోలెడుమంది. నీకింకా టైముంది బావా, పరిగెత్తు!"

కండక్టరు పళ్ళు బిగించాడు. తన ముందున్నది నలుగురే. షట్టరు లేస్తే చాలు, పిల్ల బడి వదిలేలోగా ఇల్లు చేరతాడు.

షట్టరు లేచింది.

ఓనరు బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమనుకోకండి. స్టాకు రాలేదు. పొద్దున్నే రావాల్సింది."

లైను మొత్తం ఒక్కసారి భగ్గుమంది.

"రాలేదంటే కుదరదు," కండక్టరు గొంతు అందరికంటే పైకి లేచింది. "తెచ్చేవాడికి ఫోను చెయ్యండి. మా ముందే. స్పీకరు పెట్టండి!"

ఓనరు ఫోను కలిపాడు.

"ఏమయ్యా, మా పార్శిలు ఏదీ?"

"వాపసు పంపేశానండీ. ఇక రేపే."

కండక్టరు ఫోను లాక్కున్నంత పని చేశాడు.

"వాపసేమిటయ్యా? ఇంతమందిమి పొద్దుట్నుంచీ పడిగాపులు పడుతుంటే! షాపు దాకా రావడానికి కాళ్ళు లేవా నీకు?"

అవతలి గొంతు తొందరపడలేదు.

"వచ్చాను సార్. లైన్లో రమ్మన్నారు. నిలబడ్డాను. లైను కదల్లేదు."