తొంభయ్యో రోజు

"ఈ దేశానికి ఎప్పుడొచ్చారు?"

వీసా ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయన, పిలవని పేరంటానికి వచ్చినట్టు, లెక్కల మాస్టారి పాస్‌పోర్టులోకి తల దూర్చాడు.

మాస్టారు దాన్ని చటుక్కున మూసి జేబులో పెట్టుకున్నారు.

ఇలాంటి ఆఫీసుల ముందు దళారులు ఈగల్లా ముసురుతారని ఎవరో ముందే చెప్పారు. మాసిన కోటు, ఊడిన బొత్తాం, చేతిలో ఓ చిన్న క్యాలెండరు. చూడబోతే ఈయనా అదే బాపతు.

"జూన్ పన్నెండున," అన్నారు, వదిలించుకుందామని.

ముసలాయన క్యాలెండరు విప్పి వేలితో గళ్ళు దాటుకుంటూ పోయాడు.

"ఈ రోజే మీకు ఆఖరండీ. ఈ పూటే పొడిగింపు అడగండి."

"ఏం మాట్లాడుతున్నారు? నాది మూడు నెలల వీసా. సెప్టెంబరు పన్నెండు దాకా ఢోకా లేదు. ఇవాళ తొమ్మిదేగా!"

"జనం నోట్లో మూడు నెలలు. కాగితం మీద తొంభై రోజులు. జులై, ఆగస్టు రెండింటికీ ముప్పయ్యొక్కటి. పైగా దిగిన రోజు కూడా లెక్కేనండీ."

మాస్టారికి ఒళ్ళు మండింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కదా!

"ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మూడు ముప్పైలు తొంభై అని మీరు నాకు చెప్పాలా?"

"చెప్పడం కాదు బాబూ..."

మాస్టారు గడియారం చూసుకున్నారు. పదకొండున్నర. చేతిలో చీటీ డెబ్బై నాలుగు. లోపల ఇంకా ముప్పయ్యొకటో నంబరే పిలుస్తున్నారు.

పన్నెండున్నరకల్లా ఆయన ఆస్పత్రిలో ఉండాలి.

రిటైరయ్యాక ఆలుమగలిద్దరూ ప్రశాంతంగా బతుకుదామని ఇక్కడికొచ్చారు. వచ్చిన రెండో నెలలోనే ఆవిడకి పక్షవాతం. మాట పోయింది. నర్సులు ఎంత బతిమాలినా ముద్దకి నోరు తెరవదు. ఆయన చేత్తో పెడితేనే నాలుగు ముద్దలు తింటుంది.

విమానం ఎక్కించే పరిస్థితి కాదన్నారు డాక్టర్లు. ఆవిడ వీసా సంగతి ఆస్పత్రివాళ్ళే చూసుకున్నారు. ఈయనది ఈయనే చూసుకోవాలి.

"ఎల్లుండి వస్తాలెండి," అంటూ లేచారు.

"వద్దండీ! ఆ చీటీ ఇలా ఇవ్వండి, మీ బదులు నేను కూర్చుంటాను. మీ పని చూసుకుని నాలుగింటికల్లా వచ్చెయ్యండి. ఒక్క రోజు దాటినా వీళ్ళు ఊరుకోరు."

"ఓహో! తరవాత పాస్‌పోర్టు కూడా ఇమ్మంటారు కాబోలు!"

ముసలాయన మొహం చిన్నబోయింది. అయినా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు చీటీని బెంచీ మీద పడేసి బస్సు కోసం పరుగెత్తారు.

ఆ పూట ఆవిడ ఆరు ముద్దలు తింది. ఆ సంబరంలో ముసలాయన మాట ఏ మూలకో పోయింది.

బుధవారం పొద్దున్నే వచ్చి మొదటి చీటీ తీసుకున్నారు. గడువుకి ఒకరోజు ముందే వచ్చానన్న ధీమా ఆయనది.

బెంచీ మీద ఎవరూ లేరు. పీడ విరగడైంది అనుకున్నారు.

కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు చూసింది. కంప్యూటర్ చూసింది. మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"మీ గడువు సోమవారంతో అయిపోయిందండీ. రెండు రోజులు దాటింది."

"లేదమ్మా, మూడు నెలలు కదా..."

అమ్మాయి క్యాలెండరు ఆయన వైపు తిప్పింది.

మాస్టారు వేలు పెట్టి లెక్కపెట్టారు. జూన్‌లో పంతొమ్మిది. జులై ముప్పయ్యొకటి. ఆగస్టు ముప్పయ్యొకటి. సెప్టెంబరు తొమ్మిది దగ్గర వేలు ఆగిపోయింది.

ఆయన దగ్గర చదివిన మొద్దు పిల్లాడు కూడా తప్పు చెయ్యని కూడిక.

"ఏదో ఒక దారి చూడు తల్లీ. మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది."

"సోమవారం వచ్చి ఆస్పత్రి కాగితం చూపిస్తే ఏడాది పొడిగించేవాళ్ళం. గడువు దాటాక నా చేతుల్లో ఏమీ లేదండీ. వారంలోగా దేశం వదలాలి. ఏడాది దాకా మళ్ళీ రాకూడదు."

"మరి మా ఆవిడ?"

"ఆవిడకి గడువుంది. ఆవిడ ఉండొచ్చు."

మాస్టారు కౌంటరు అంచు పట్టుకున్నారు. వారం పోయాక ఎవరు తినిపిస్తారు? ఎవరు పెడితే తింటుంది?

"బయట కూర్చునే పెద్దాయన చెబుతూనే ఉన్నాడమ్మా. దళారి అనుకున్నాను. నాకు పోయేకాలం వచ్చి వినలేదు."

అమ్మాయి చేతిలో స్టాంపు ఆగింది.

"డెబ్బై నాలుగో నంబరు మీరేనా?"

మాస్టారు తలూపారు.

"సోమవారం ఆ చీటీ పట్టుకుని, తలుపులు వేసేదాకా ఇక్కడే నిలబడ్డారండీ. 'వస్తాడమ్మా, ఇంకో ఐదు నిమిషాలు చూడు' అని నన్ను బతిమాలారు. సాయంత్రం అంత వానలోనూ గేటు దాకా పోయి రెండుసార్లు చూసొచ్చారు. ఇప్పుడు జ్వరంతో పడుకున్నారట."

మాస్టారికి దుఃఖం ఆగలేదు.

"ఎవరమ్మా ఆయన? నాకేమవుతాడని ఇదంతా?"

అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఐదేళ్ళ కిందట ఓ పెద్దావిడ ఇక్కడి ఆస్పత్రిలో, పక్కన అయినవాళ్ళెవరూ లేకుండా పోయిందండీ. ఒక్క రోజు గడువు దాటిందని ఆవిడ భర్తని, కాళ్ళావేళ్ళా పడుతున్నా వినకుండా, విమానం ఎక్కించింది అప్పుడు మా పై ఆఫీసరుగా ఉన్న ఈ పెద్దాయనే."