మందపాటి తివాచీ

సాయి కిరణ్ ఎర్రటిది బాగుందన్నాడు.

పరమేశ్వరి దాని రంగు చూడలేదు. అంచు తిరగేసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. పలచగా ఉంది. పక్కన పెట్టింది.

మార్కాపురం బజారులోని ఆ దుకాణంలో అప్పటికే పది, పన్నెండు తివాచీలు పరిచారు. పూలతీగెలవి, నెమళ్లవి, జనపనారవి. అన్నింటినీ ఆమె అట్లాగే నొక్కి చూసింది. హాలుకు అందం కోసమే కదా, ఇదేం చూడటమని దుకాణం అతను నవ్వాడు.

"చప్పుడు కిందికి పోకూడదు," అంది పరమేశ్వరి.

సాయి కిరణ్ భార్య వైపు ఒకసారి చూశాడు.

దుకాణం అతను అటక మీదినుంచి ఒక చుట్ట దింపించాడు. నీలం రంగుది. పాదం పెడితే వేళ్లు మునిగిపోయాయి. దీని మీద ఇత్తడి బిందె పడేసినా కింది వాటా వాళ్లకు తెలియదన్నాడు.

అదే తీసుకున్నారు.

వాళ్లు అద్దెకుండేది ఒక పాత మిద్దె పై వాటాలో. కింద ఒంటి గదిలో కొండన్న అనే ముసలాయన ఉండేవాడు. దోర్నాల అవతల అడవిలో గూడెం మనిషి. పొద్దున్నే బస్టాండు దగ్గర తేనె, కుంకుడుకాయలు అమ్ముకుని, ఎండ ముదిరేసరికి వచ్చి మంచం మీద వాలేవాడు.

సాయి కిరణ్ తన ఎరువుల దుకాణం నుంచి భోజనానికి వచ్చేదీ ఆ వేళకే.

కూరలో ఉప్పు తక్కువైతే కొట్టేవాడు. గిద్దలూరు నుంచి ఆమె అక్క ఫోన్ చేస్తే కొట్టేవాడు. చెంప మీద మొదలుపెట్టి, జుట్టు పట్టి ఈడ్చి, నేల మీద పడ్డాక కాలితో తన్నేవాడు.

ఆమె అరిచేది కాదు. కొంగు నోట్లో కుక్కుకునేది.

ఆమె పడిన కాసేపటికల్లా కింద కర్రతో కప్పును పొడిచిన చప్పుడు వచ్చేది. టక్, టక్, టక్. ఆగకుండా.

సాయి కిరణ్ కాలు ఆగిపోయేది. బజారంతా తెలిసిపోతుందని అతని భయం. చొక్కా సర్దుకుని దుకాణానికి వెళ్లిపోయేవాడు.

పరమేశ్వరికి మాత్రం దెబ్బలకంటే ఆ కర్ర చప్పుడే నామోషీగా ఉండేది. పగటినిద్ర చెడుతోందని ముసలోడు సతాయిస్తున్నాడని మొగుడు అంటే, నిజమేననుకుంది. మెట్ల దగ్గర ఎదురైతే తల తిప్పుకునేది. ఆయన మాత్రం ఆమె మొహం వంక, మోచేతుల వంక పరీక్షగా చూసేవాడు. పలకరించేవాడు కాదు. ఆ చూపంటే ఆమెకు కంపరం.

తివాచీ కొందామని అడిగింది ఆమే.

పరిచిన మూడో రోజు కొట్టాడు. పడింది. మెత్తగా పడింది. కర్ర చప్పుడు రాలేదు. ఎవరికీ తెలియలేదు కదా అని ఆమె ఊపిరి పీల్చుకుంది.

కానీ అతను ఆగలేదు. ఆపేవాళ్లు లేరని అతనికీ తెలిసిపోయింది.

నెల తిరిగేసరికి ఆమె ఒంటి మీద పచ్చిగా లేని చోటు లేదు.

ఆ బుధవారం ఫోన్ ఎవరిదని అడిగాడు. అక్కదని చెప్పింది. చేతికందిన ఇత్తడి చెంబుతో నుదుటి మీద కొట్టాడు. కింద పడ్డాక చెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. నీలం తివాచీలోకి నెత్తురు ఇంకిపోతోంది. ఆమె చెవి దానికి ఆనించి పడుకుని కింది చప్పుడు కోసం ఎదురుచూసింది. ముసలాయన్ను మనసులోనే బతిమాలింది.

కర్ర చప్పుడు రాలేదు.

అలసిపోయాక అతనే ఆగాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

పరమేశ్వరి మిగిలిన చేత్తో తివాచీ అంచు లాగింది. బండ బయటపడేదాకా లాగింది. వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి నేల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఓపిక ఉన్నంతసేపూ కొట్టింది.

మెట్లెక్కి ఎవరో పరుగున వచ్చారు. ముసలాయన కాదు. ఇరవై ఐదేళ్ల మనిషి. కొండన్న కూతురు గౌరినని, కింద మంచం, సామాను తీసుకుపోవడానికి వచ్చానని చెప్పింది. గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగలేదు. తువ్వాలుతో నుదురు కట్టింది. భుజం పట్టి మెట్లు దింపి, ఆటోలో పెద్దాసుపత్రికి బయలుదేరదీసింది.

దారిలో పరమేశ్వరి మెల్లగా అడిగింది.

"మీ నాయన ఏడీ?"

"మొన్న మా గూడేనికి వచ్చేసినాడక్కా. ఏడాది నుంచి పిలస్తాండా, రాను, ఇక్కడ పనుందని మొండికేసినాడు. ఇప్పుడు ఆయనంతట ఆయనే వచ్చినాడు."

"మా చప్పుడుకు ఆయనకు ఇన్నాళ్లూ నిద్ర లేకుండా పోయింది. నన్ను క్షమించమని చెప్పు."

గౌరి ఆమె వైపు వింతగా చూసింది.

"చప్పుడేంది అక్కా? పలకల క్వారీలో తూటా పేలినప్పటి నుంచి మా నాయనకు రెండు చెవులూ వినపడవు. పైన నువ్వు పడినప్పుడల్లా కప్పులోంచి సున్నం రాలి మొహం మీద పడేదంట, అప్పుడు లేచి కర్ర అందుకునేటోడు. ఈ నెలంతా సున్నం రాల్లేదు, ఆ బిడ్డ కష్టం తీరిపోయింది, ఇంక నా కాపలా అక్కర్లేదని సంతోషంగా వచ్చేసినాడు."